ప్రెస్ మీట్ పెట్టే ముందు: క్రీడా సంఘాల ప్రశ్నలు, మా జవాబులు

పత్రికలతో, టీవీ ఛానళ్లతో ఎలా వ్యవహరించాలని శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల క్రీడా సంఘాల కార్యదర్శులు, పీఈటీలు, కోచ్‌లు, పిల్లల తల్లిదండ్రులు రాసిన ఉత్తరాలకు ఈ నెల జవాబులిస్తున్నాం. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపేశాం. పేర్లు వేయొద్దని ఎక్కువమంది కోరారు కాబట్టి ఎవరి పేరూ వేయలేదు.

జిల్లా కబడ్డీ పోటీల గురించి సోమవారం ఉదయం పదిన్నరకు ప్రెస్ మీట్ పెట్టాం. ఇరవై మందికి టిఫిన్లు చెప్పాం, నలుగురే వచ్చారు. మా ఆటంటే పత్రికలకు అంత చులకనా?
*— కబడ్డీ సంఘం కార్యదర్శి, శ్రీకాకుళం*

చులకనేం కాదండీ, మీరు ఎంచుకున్న రోజు అలాంటిది. సోమవారం ఉదయం కలెక్టరేట్‌లో ప్రజా ఫిర్యాదుల పరిష్కార వేదిక నడుస్తుంది. జిల్లా కేంద్రంలోని విలేకరుల్లో చాలామంది మధ్యాహ్నం దాకా అక్కడే ఉంటారు. అర్జీలతో వచ్చినవాళ్ల దగ్గర వాళ్లకు ఆ రోజుకు సరిపడా వార్తలు దొరుకుతాయి. విజయనగరంలో పైడితల్లి అమ్మవారి జాతరలో తొలేళ్ల సోమవారం, సిరిమాను మంగళవారం, శ్రీకాకుళంలో అరసవల్లి రథసప్తమి, దానికి ముందు రోజు కూడా అంతే. అప్పుడు విలేకరి వచ్చినా పేజీలో చోటుండదు. తేదీ ఖాయం చేసే ముందు డీపీఆర్వో (జిల్లా పౌర సంబంధాల అధికారి) కార్యాలయానికి ఫోన్ చేసి, ఆ రోజు మంత్రుల పర్యటనలు, సమీక్షలు ఏమైనా ఉన్నాయేమో అడగండి. రెండు నిమిషాల పని.

వేళ విషయానికొస్తే, ఉదయం 11 నుంచి 12 మధ్య మంచిది. మూడు దాటితే విలేకరులు వార్తలు టైపు చేసే పనిలో పడతారు. నాలుగు తర్వాత పెడితే ఫొటో, దాని కింద రెండు వాక్యాలు వస్తాయి, అంతే. సమావేశం మొత్తం అరగంట మించకూడదు. పది నిమిషాలు మీరు చెప్పండి, మిగతా సమయం వాళ్లను అడగనివ్వండి. పదకొండు అని చెప్పి ముఖ్య అతిథి కోసం పన్నెండు దాకా కూర్చోబెడితే మళ్లీసారి పిలిచినప్పుడు ఆ నలుగురూ రారు. అతిథి ఆలస్యమైతే ఆయన లేకుండానే మొదలుపెట్టండి.

ఆహ్వానం ముందు రోజు సాయంత్రం నాలుగులోపు వెళ్లాలి. మర్నాటి పనులు విలేకరులకు పంచేది ఆ తర్వాతే. ఆహ్వానంలో విషయం ఒక వాక్యంలో, తేదీ, వేళ, స్థలం, మాట్లాడేవాళ్ల పేర్లు, ఫొటోకి ఏం దొరుకుతుంది, ఎవరికి ఫోన్ చేయాలి అన్నవి ఉంటే చాలు. ఆ రోజు ఉదయం ఎనిమిదిన్నరకు మరోసారి గుర్తు చేయండి. గుడ్ మార్నింగ్ బొమ్మల కింద మీ ఆహ్వానం మునిగిపోకుండా ఉండాలంటే వాట్సాప్ గ్రూపులో అడ్మిన్లు మాత్రమే పంపేలా సెట్టింగ్ పెట్టండి.

అసలు ప్రెస్ మీట్ అవసరమా అన్నది ముందు తేల్చుకోవాలి. విలేకరులు ప్రశ్నలు అడిగే సంగతి ఉన్నప్పుడే నలుగురినీ ఒకచోటికి పిలవాలి. జట్టు ఎంపికపై గొడవ, వేదిక మార్పు, పెద్ద పోటీలకు ఆతిథ్యం, పతకంతో తిరిగొచ్చిన క్రీడాకారిణి వంటివి అందుకు తగినవి. పోటీల తేదీలు చెప్పడానికి ప్రెస్ నోట్ చాలు. ప్రెస్ మీట్ బదులు ఫొటోగ్రాఫర్లను ఉదయం ఆరున్నరకు ప్రాక్టీసుకు పిలవండి. లేత ఎండలో రైడర్ గీత అందుకునే ఫొటో దొరికితే, బల్ల వెనక కూర్చున్న పెద్దల ఫొటో కన్నా దానికే పేజీలో పెద్ద చోటు దొరుకుతుంది.

మేం పంపిన ప్రెస్ నోట్ పేజీన్నర ఉంటుంది. అచ్చయ్యేది నాలుగు లైన్లు. అందులోనూ పిల్లల పేర్లు తప్పులే. ఏం చేయాలి?
*— వ్యాయామోపాధ్యాయుడు, విజయనగరం జిల్లా*

పేర్లు తప్పుగా రావడానికి చాలాసార్లు ఫాంటే కారణం. డీటీపీ సెంటర్లో అను ఫాంట్లలో (యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లు) కొట్టించిన నోట్ విలేకరి ఫోన్లో అక్షరాలుగా తెరుచుకోదు. కాగితాన్ని ఫొటో తీసి పంపినా ఆయన మొత్తం మళ్లీ టైపు చేసుకోవాలి. ‘సంతోషి’ కాస్తా ‘సంతోష్’ అయ్యేది ఆ టైపింగ్‌లోనే. ఫోన్లోనే యూనికోడ్ తెలుగులో టైపు చేసి, మెసేజ్‌లోనే అక్షరాలుగా పంపండి. సంతకంతో ఉన్న పీడీఎఫ్‌ను దానితోపాటు అదనంగా పంపవచ్చు.

నోట్ కుదించుకుపోవడానికి కారణం మొదటి పేరానే. ‘జిల్లా సంఘం అధ్యక్షుల వారి అధ్యక్షతన, ముఖ్య అతిథిగా విచ్చేసిన...’ అని మొదలయ్యే నోట్‌లో ఎవరు గెలిచారో తెలియాలంటే వార్తలు దిద్దే సబ్ ఎడిటర్ పదో లైను దాకా చదవాలి. చోటు తక్కువైతే కత్తెర కింది నుంచి వేస్తారు. అతిథుల పేర్లు పైన, ఫలితం కింద ఉంటే పోయేది ఫలితమే. వరస తిరగేసి, ఇలా మొదలుపెట్టండి:

‘రాష్ట్ర జూనియర్ వెయిట్‌లిఫ్టింగ్ పోటీల్లో నెల్లిమర్ల మండలం కొండవెలగాడకు చెందిన (ఇంటిపేరు, పేరు) బాలికల (ఇన్ని) కిలోల విభాగంలో స్వర్ణం గెలిచింది. స్నాచ్‌లో (ఇన్ని), క్లీన్ అండ్ జెర్క్‌లో (ఇన్ని), మొత్తం (ఇన్ని) కిలోలు ఎత్తింది. రెండో స్థానంలో నిలిచిన (ఫలానా) జిల్లా లిఫ్టర్ కన్నా ఇది (ఇన్ని) కిలోలు ఎక్కువ.’

రెండో పేరాలో అమ్మాయి వయసు, తరగతి, కోచ్ పేరు, తర్వాత ఆడబోయే పోటీ రాయండి. మూడో పేరాలో ఆమె మాట ఒకటి, కోచ్ మాట ఒకటి. అభినందించిన పెద్దలందరి పేర్లూ చివర ఒకే వాక్యంలో. మొత్తం 250 పదాలు దాటకూడదు. పేర్లను తెలుగులోనూ, పోటీ సర్టిఫికెట్‌లో ఉన్న స్పెల్లింగ్‌తో ఇంగ్లిష్‌లోనూ ఇవ్వండి. ఇంటిపేరును పొడి అక్షరంగా వదిలేయకుండా పూర్తిగా రాయండి. ఒకే మండలంలో ఒకే పేరున్న అమ్మాయిలు ముగ్గురుంటారు.

అంకెలు పంపే ముందు మరొకరితో సరిచూయించండి. వెయిట్‌లిఫ్టింగ్‌లో స్నాచ్ (బరువును ఒకే ఊపులో తలపైకి ఎత్తడం), క్లీన్ అండ్ జెర్క్ (ముందు భుజాల దాకా, తర్వాత తలపైకి ఎత్తడం) కలిపితే మొత్తం రావాలి. శరీర బరువు విభాగాన్ని ఎత్తిన బరువుగా రాసేయడం మనం తరచూ చూసే పొరపాటు. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట బిడ్డ కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో పోటీపడి, స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచారు. ఆమె ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ. ‘ఒలింపిక్స్‌లో పాల్గొన్న తొలి మహిళ’ అని కొన్ని సంఘాల నోట్లలో కనిపిస్తుంటుంది, అది తప్పు. మన జిల్లా ఘనతను మనమే తప్పుగా రాస్తే బాధగా ఉంటుంది.

కబడ్డీకి తుది స్కోరుతోపాటు విరామ సమయానికి స్కోరు, ఆలౌట్లు, ఎక్కువ పాయింట్లు తెచ్చిన రైడర్, డిఫెండర్ పేర్లు ఇవ్వండి. పరుగు పందేల్లో చేతి స్టాప్‌వాచ్‌తో తీసిన సమయాన్ని సెకనులో పదో వంతు వరకే రాయాలి. వందో వంతు దాకా రాస్తే, ఎలక్ట్రానిక్ టైమింగ్ ఉందా అని క్రీడల డెస్క్ (పత్రికాఫీసులో ఆ వార్తలు దిద్దే విభాగం) వాళ్లు అడుగుతారు. సంఘం ధ్రువీకరించేదాకా ‘రాష్ట్ర రికార్డు’ అని రాయకండి.

నోట్ కింద ఒక ఫోన్ నంబరు ఉండాలి, అది రాత్రి తొమ్మిది దాకా ఎత్తే నంబరై ఉండాలి. డెస్క్ నుంచి అనుమానం వచ్చేది పేజీ పెట్టే వేళలోనే. అప్పుడు ఎవరూ ఎత్తకపోతే అనుమానం ఉన్న వాక్యం తీసేస్తారు.

ఫైనల్ ఫ్లడ్‌లైట్ల కింద ఏడింటికి ముగుస్తుంది. మర్నాటి పేపర్లో రావాలంటే?
*— వాలీబాల్ క్లబ్, పలాస*

మధ్యాహ్నం మూడింటికే విలేకరికి చెప్పిపెట్టండి: ‘ఫైనల్ ఏడుకు ముగుస్తుంది, ఏడుంబావుకల్లా స్కోరు, ఒక ఫొటో పంపుతాం.’ ఆయన డెస్క్‌కు చెప్పి చోటు ఉంచమంటారు. సెమీఫైనల్ ఫలితాలు, జట్ల వివరాలతో వార్తంతా ముందే పంపేసి, గెలిచిన జట్టు పేరు, సెట్ల స్కోర్లు మాత్రం ఖాళీగా ఉంచండి. ఏడింటికి ఆ రెండు వాక్యాలు పంపితే సరిపోతుంది. బహుమతి ప్రదానం అయ్యాక పంపుదాం అనుకుంటే తొమ్మిదవుతుంది. జిల్లా పేజీలు ఏ వేళకు మూసేస్తారన్నది పత్రికకో తీరు. ఒక్కో విలేకరిని అడిగి, మీ ఫోన్ల జాబితాలో పేరు పక్కనే ఆ వేళ రాసుకోండి. బదిలీలు జరుగుతుంటాయి కాబట్టి మూడు నెలలకోసారి జాబితాను సరిచూసుకోండి.

మేం పంపిన ఫొటోలు పేపర్లో మసకగా వస్తున్నాయి.
*— క్రికెట్ క్లబ్, బొబ్బిలి*

వాట్సాప్‌లో ఫొటోగా పంపితే అది కుదించుకుపోతుంది. అదే ఫొటోను ‘డాక్యుమెంట్’గా పంపండి, లేదా ఈ-మెయిల్ చేయండి. పదిహేను సెంటీమీటర్ల వెడల్పున ముద్రించే ఫొటోకి 300 డీపీఐ లెక్కన సుమారు 1,800 పిక్సెళ్ల వెడల్పుండాలి. దూరం నుంచి తీసి జూమ్ చేసి కత్తిరిస్తే అంత మిగలదు. ఒక్కో సందర్భానికి మూడు ఫొటోలు చాలు: ఆట జరుగుతుండగా ఒకటి, గెలిచినవాళ్ల ముఖాలు దగ్గరగా ఒకటి, గ్రూప్ ఫొటో ఒకటి. గ్రూప్ ఫొటోకి ‘ఎడమ నుంచి’ అని వరసగా పేర్లు రాసి పంపాలి. నలభై ఫొటోలు ఒకేసారి కుమ్మరిస్తే ఎవరూ తెరవరు.

ప్రెస్ మీట్‌కి గది, బల్ల, ఫ్లెక్సీ ఎలా ఏర్పాటు చేయాలి? వేదిక మీద ఎంతమంది ఉండాలి?
*— అథ్లెటిక్స్ సంఘం, విజయనగరం*

ముగ్గురు. విషయం చెప్పేవారు ఒకరు, ఆట గురించి చెప్పే కోచ్ లేదా క్రీడాకారుడు ఒకరు, సమావేశం నడిపేవారు ఒకరు. మిగతా పెద్దలకు ముందు వరసలో పేరు రాసిన కుర్చీలు వేయండి. మాట పట్టింపులు వస్తాయని మాకు తెలుసు. ముందు రోజే ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, ‘ఫొటోలో పిల్లలు కనిపించాలండీ, మీరు ముందు వరసలో ఉంటారు’ అని చెప్తే చాలామంది అర్థం చేసుకుంటారు. వేదిక ఎక్కాక దింపడం ఎవరివల్లా కాదు.

మాట్లాడేవాళ్ల వెనక కిటికీ ఉంటే వీడియోలో ముఖాలు నల్లగా పడతాయి. వెలుతురు ముందు నుంచి రావాలి. నిగనిగలాడే ఫ్లెక్సీ మీద ఫ్లాష్ వెలుగు కొట్టి అక్షరాలు కనిపించవు, మెరుపు లేని వస్త్రం మీద ముద్రించమని అడగండి. పది అడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల ఎత్తు సరిపోతుంది. కింది మూడు అడుగులూ బల్ల, మనుషుల వెనక దాగిపోతాయి కాబట్టి సంఘం పేరు, స్పాన్సర్ల గుర్తులు కూర్చున్నవాళ్ల తలలకు కాస్త పైన, పక్కలకు రావాలి. నాయకుల ముఖాలతో ఫ్లెక్సీ నింపేస్తే ఆ ఫొటో వాడుకోవడానికి డెస్క్‌లు వెనకాడతాయి. ఎన్నికల కోడ్ ఉన్నప్పుడైతే అసలే వద్దు.

ఛానళ్ల లోగో మైకులు పెట్టుకోవడానికి బల్ల మధ్య రెండడుగుల చోటు ఖాళీగా ఉంచండి. పూలబొకేలు, నీళ్ల సీసాలు అక్కడ పేర్చకండి. వెనక వైపు కెమెరాలకు అడుగు ఎత్తు బల్ల వేస్తే ముందున్నవాళ్ల తలలు అడ్డురావు. సీలింగ్ ఫ్యాన్ మోత రికార్డింగ్‌ను పాడుచేస్తుంది. బైట్లు (టీవీ కోసం విడిగా చెప్పించుకునే మాటలు) తీసుకునే పది నిమిషాలూ పెద్ద ఫ్యాన్లు ఆపించండి. కరెంటు పోతే మైకు నడిచేలా ఇన్వర్టర్‌ ఉన్న గది చూసుకోండి.

నడిపేవారు మొదటే చెప్పాలి: ‘పది నిమిషాలు వివరాలు, తర్వాత ప్రశ్నలు, చివర్లో విడిగా బైట్లు.’ ఒకరే పది ప్రశ్నలు అడుగుతుంటే, ‘మిగతావాళ్లవి కూడా విని మీ దగ్గరకు వస్తాం’ అనండి. తెలియని సంగతి అడిగితే ‘ఇప్పుడు నా దగ్గర వివరం లేదు, సాయంత్రం ఐదులోపు పంపిస్తాను’ అని చెప్పి, నిజంగా ఐదులోపు పంపండి. విలేకరికి మీ మీద గురి కుదిరేది అక్కడే.

ప్రెస్ మీట్ అయ్యాక కవర్లు ఇవ్వకపోతే వార్త రాదని మా కోశాధికారి అంటున్నారు. ఎంత పెట్టాలి?
*— పేరు వద్దన్న ఒక కార్యదర్శి*

ఏమీ పెట్టకండి. వార్త కోసం డబ్బో, బహుమతో తీసుకోవడం ప్రెస్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ప్రవర్తనా నియమాలకు విరుద్ధం. ఈసారి కవరిచ్చి వార్త వేయించుకుంటే, రేపు ఎంపికల్లో గొడవ వచ్చినప్పుడు కవరు ఇవ్వనందుకే రాశారని మీరూ, కవరిచ్చి దాచమన్నారని ఎదుటివాళ్లూ అంటారు. పైగా అది పిల్లల ప్రయాణ ఖర్చులకు వచ్చిన డబ్బు. టీ, టిఫిన్, మంచినీళ్లు, కూర్చుని టైపు చేసుకోవడానికి బల్ల, చార్జింగ్ ప్లగ్గులు, వైఫై ఏర్పాటు చేయండి. గ్రౌండ్ ఊరికి దూరమైతే అందరికీ కలిపి ఒక వాహనం పెట్టడంలో తప్పులేదు.

మా పాపకి పదహారేళ్లు. జాతీయ పోటీల్లో పతకం వచ్చింది. టీవీవాళ్లు ఇంటికొచ్చి, పాప ఏడ్చేదాకా నాన్న అప్పుల గురించి అడిగారు. అడగొద్దని చెప్పొచ్చా?
*— ఒక తల్లి, ఎచ్చెర్ల మండలం*

చెప్పొచ్చమ్మా. చెప్పాలి కూడా. ఇంటర్వ్యూ ఇవ్వడం మీ ఇష్టం. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలను మీ అనుమతి లేకుండా, మీరు పక్కన లేకుండా కెమెరా ముందు కూర్చోబెట్టే హక్కు ఎవరికీ లేదు.

ఇది నిజానికి మీ సంఘం చూసుకోవలసిన పని. కాబట్టి వాళ్లకు చెప్తున్నాం. పతకం వచ్చిన రోజే తల్లిదండ్రుల దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి: ఏ ఫొటోలు ఇవ్వొచ్చు, ఇంట్లో చిత్రీకరణ ఒప్పుకుంటారా, ఏ విషయాలు అడగకూడదు. ఇంటి చిరునామా, పాప ఫోన్ నంబరు ఎవరికీ ఇవ్వకండి. ఛానళ్లన్నింటినీ ఒకే రోజు, ఒకే చోటికి, గ్రౌండ్‌కో బడికో పిలిచి, మొత్తం నలభై నిమిషాల్లో ముగించండి. పక్కన కోచ్ లేదా టీచరు ఉండాలి. ‘ఆట గురించి, శిక్షణ గురించి అడగండి. ఇంటి ఆర్థిక విషయాలు, కులం, పెళ్లి గురించి వద్దు’ అని కెమెరాలు ఆన్ చేయకముందే చెప్పండి. ఎవరైనా దాటితే మధ్యలో మర్యాదగా ఆపేయండి.

పాపకు కంఠస్థం చేయించకండి. మూడు సంగతులు మాత్రం ముందే కూర్చుని మాట్లాడుకోండి: ఆ పోటీలో ఏ ఘడియ కష్టమనిపించింది, రోజూ శిక్షణ ఎలా ఉంటుంది, తర్వాత ఏ పోటీకి వెళ్తుంది. మన యాసలోనే మాట్లాడనివ్వండి. పుస్తక భాషలోకి, ఇంగ్లిష్‌లోకి నెడితే పిల్లలు బిగుసుకుపోతారు. పేదరికం లేకుండా క్రీడా కథనం ఉండదన్న అలవాటు మన మీడియాకు గట్టిగా పట్టుకుంది. దాన్ని మార్చాలంటే దాని బదులు చెప్పుకోదగ్గ వివరం మనమే ఇవ్వాలి. ఆ అమ్మాయి రోజుకు ఎన్ని గంటలు సాధన చేస్తుంది, ఏ మెళకువ మీద ఆర్నెల్లు శ్రమించింది అని చెప్పగలిగితే విలేకరి అప్పుల దాకా వెళ్లాల్సిన పనుండదు.

ఎంపికల్లో అన్యాయం జరిగిందని ఓ తండ్రి ఛానళ్ల ముందు కూర్చున్నారు. అరగంటలో స్క్రోలింగ్ మొదలైంది. మేం ఫోన్లు ఆపేశాం. అది తప్పా?
*— ఖోఖో సంఘం ప్రతినిధి, టెక్కలి*

తప్పే. ఫోన్ ఆపేస్తే ‘సంఘం ప్రతినిధులు అందుబాటులోకి రాలేదు’ అన్న వాక్యం వార్తలో చేరుతుంది, చదివినవాళ్లకు అది ఒప్పుకోలులా అనిపిస్తుంది. మొదటి అరగంటలో ఈ నాలుగు ముక్కలు పంపండి: ‘ఫిర్యాదు మా దృష్టికి వచ్చింది. ఎంపిక ఫలానా తేదీన, ముగ్గురు సభ్యుల కమిటీ ముందు, ముందే ప్రకటించిన నిబంధనల ప్రకారం జరిగింది. ఫిర్యాదును రాతపూర్వకంగా స్వీకరించి పరిశీలిస్తాం. సాయంత్రం ఐదింటికి వివరాలు వెల్లడిస్తాం.’ నిజంగా జరిగినదే రాయాలి సుమా. నిబంధనలు ముందే ప్రకటించి ఉండకపోతే ఆ ముక్క తీసేయండి. లేనిది ఉందని రాస్తే రెండో రోజు వార్త దాని మీదే ఉంటుంది.

ఎంపికల నోటీసులోనే వయసు కటాఫ్ తేదీ, పరీక్షలు, మార్కుల కేటాయింపు, కమిటీ సభ్యుల పేర్లు, అప్పీలుకు గడువు ఉంటే సాయంత్రం చూపించడానికి మీ చేతిలో కాగితం ఉంటుంది. ఆ తండ్రి గురించి, వాళ్ల అబ్బాయి ఆటలోని లోపాల గురించి మాత్రం ఒక్క మాట అనకండి. ఆ పిల్లవాడు రేపు మళ్లీ మీ గ్రౌండ్‌కే రావాలి.

కోచ్ ఒక బాలికతో తప్పుగా ప్రవర్తించాడని ఆరోపణ వచ్చింది. ‘మా కోచ్ అలాంటివాడు కాదు’ అని ప్రెస్ మీట్ పెడదామని కొందరు, విషయం బయటికి పొక్కనీయొద్దని కొందరు అంటున్నారు.
*— ఒక సంఘం సభ్యురాలు*

రెండూ చేయకండి. ఇది పత్రికల సంగతి అయ్యేలోపే చట్టం సంగతి. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలపై లైంగిక నేరం జరిగిందని, జరగవచ్చని తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలని 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ చెబుతోంది. సంస్థ బాధ్యుడై ఉండి దాస్తే ఏడాది దాకా జైలు శిక్ష పడవచ్చు. ముందు పోలీసులకు చెప్పండి, పిల్లల సహాయవాణి 1098 కూడా ఉంది. ఆరోపణ ఎదుర్కొంటున్న వ్యక్తిని పిల్లలకు దూరంగా ఉంచండి. పత్రికా ప్రకటన ఆ తర్వాత.

ఫిర్యాదు చేసింది పెద్దవాళ్లయితే 2013 నాటి పని ప్రదేశాల్లో లైంగిక వేధింపుల నిరోధక చట్టం వర్తిస్తుంది. క్రీడా సంస్థ, స్టేడియం, పోటీ వేదిక కూడా ఆ చట్టం దృష్టిలో పని ప్రదేశాలే. పదిమంది కన్నా తక్కువ సిబ్బంది ఉండి అంతర్గత కమిటీ లేకపోతే జిల్లా స్థాయి స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు. ఆ ఫిర్యాదులోని విషయాలను, పేర్లను బయటపెట్టకూడదని అదే చట్టం 16వ సెక్షన్ అంటోంది.

బాలిక ఎవరో తెలిసేలా ఏదీ రాకూడదని పోక్సో 23వ సెక్షన్ చెబుతోంది. పేరు ఒక్కటే కాదు, ఫొటో, చిరునామా, కుటుంబం, బడి, ఊరు కూడా దాని కిందికే వస్తాయి. చిన్న ఊళ్లలో ఇక్కడే జారిపోతాం. ‘ఫలానా మండలం నుంచి రాష్ట్ర జట్టుకు ఎంపికైన బాలిక’ అంటే చాలు, ఊరంతటికీ తెలిసిపోతుంది. విలేకరి ‘పేరు రాయములెండి, ఏ ఊరో చెప్పండి’ అన్నా చెప్పకండి. సంఘం వాట్సాప్ గ్రూపుల్లో పాత టీమ్ ఫొటోలు తిరగకుండా అదే రోజు గట్టిగా చెప్పండి.

మీ ప్రకటన ఇంతే ఉండాలి: ‘ఒక ఫిర్యాదు అందింది. చట్టప్రకారం సంబంధిత అధికారులకు తెలియజేశాం. విచారణ ముగిసేదాకా సదరు వ్యక్తిని శిక్షణ బాధ్యతల నుంచి తప్పించాం. విచారణకు పూర్తిగా సహకరిస్తాం. పిల్లల వివరాలు వెల్లడించడం చట్టవిరుద్ధం కాబట్టి ఎవరూ అడగవద్దని, ప్రచురించవద్దని మనవి.’ చెప్పినవన్నీ చేశాకే ఇది పంపాలి. మాట్లాడేది ఒక్కరే. మిగతా సభ్యులు ఎవరు ఫోన్ చేసినా ఆ ఒక్కరి నంబరు ఇవ్వాలి. కోచ్ మంచివాడనో, చెడ్డవాడనో సంఘం తీర్పు చెప్పకూడదు. ‘మా కోచ్ అలాంటివాడు కాదు’ అని మీరు మైకులో అంటే, ముందుకొచ్చి చెప్పిన ఆ పాపను అబద్ధాలకోరు అన్నట్టే.

డోపింగ్ పరీక్షలో మా లిఫ్టర్ నమూనా తేడాగా వచ్చిందని పుకారు. విలేకరులు అడుగుతున్నారు.
*— శిక్షణ కేంద్రం నిర్వాహకులు, విజయనగరం జిల్లా*

డోపింగ్ ఫలితాలు ప్రకటించవలసింది జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ, అంటే నాడా. మీరు కాదు. నమూనాను రెండు భాగాలు చేస్తారు, మొదట వచ్చేది ‘ఎ’ (A) నమూనా ఫలితం. రెండోదైన ‘బి’ (B) నమూనా పరీక్ష కోరే హక్కు, వివరణ ఇచ్చుకునే హక్కు క్రీడాకారిణికి ఉన్నాయి. మధ్యలో ‘మందులో పొరపాటు’, ‘ఎవరో కలిపారు’ అంటూ కోచ్ ఇచ్చే బైట్లు తర్వాత విచారణలో ఆమెకే అడ్డు తగులుతాయి. ‘ఇలాంటి విషయాలపై అధికారిక ప్రకటన వచ్చేదాకా మేం మాట్లాడం’ అని ఒకే వాక్యం చెప్పండి, అందరికీ అదే. అవునని గానీ కాదని గానీ అనొద్దు. ఈసారి ‘కాదు’ అని చెప్పి, వచ్చేసారి ‘మాట్లాడం’ అంటే అదే జవాబైపోతుంది.

డోపింగ్ వల్ల ఫలితాలు తర్వాత మారతాయన్నది కూడా గుర్తుంచుకోండి. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో కొండవెలగాడ లిఫ్టర్ మత్స సంతోషికి 53 కిలోల విభాగంలో మొదట దక్కింది కాంస్యం. స్వర్ణం గెలిచిన నైజీరియా లిఫ్టర్ డోపింగ్‌లో పట్టుబడి పతకం కోల్పోవడంతో సంతోషిది రజతమైంది. పాత క్లిప్పింగులు చూసి నోట్ రాసే సంఘాలు ఇప్పటికీ కాంస్యం అని రాసే ప్రమాదముంది. మీ దగ్గర క్రీడాకారుల వివరాల ఫైలుంటే, దిద్దిన తేదీతో సహా సవరించి ఉంచండి.

తెలిసిన విలేకరి కదా అని ఫోన్లో స్నేహంగా చెప్పిన మాట మర్నాడు అచ్చయింది. ఇది న్యాయమా?
*— కోచ్, శ్రీకాకుళం*

‘ఇది రాయడానికి కాదు’ అని చెప్పేముందే అని, ఆయన సరే అన్నాక చెప్తేనే ఆ మాటకు విలువ. చెప్పేశాక ‘ఇది రాయకేం’ అంటే ఒప్పుకోవాలన్న నియమం లేదు. అచ్చయితే ఇబ్బంది పడే మాట ఎవరితోనూ అనకపోవడమే నయం.

రాజాం క్రీడాకారుల వార్త శ్రీకాకుళం పేజీకి పంపాలా, విజయనగరం పేజీకా?
*— వ్యాయామోపాధ్యాయురాలు, రాజాం*

జిల్లాల పునర్విభజన జరిగిన 2022 ఏప్రిల్ 4 నుంచి రాజాం విజయనగరం జిల్లాలో ఉంది, కాబట్టి ముందు విజయనగరం విలేకరికి. పోటీ శ్రీకాకుళం ఆర్ట్స్ కళాశాల మైదానంలో జరిగితే అక్కడి విలేకరికీ పంపండి, ఆ పేజీలో పోటీ వార్తగా వస్తుంది. పాలకొండ, వీరఘట్టం పిల్లలవైతే పార్వతీపురం మన్యం జిల్లా పేజీకి వెళ్లాలి. మల్లవీరుడు కోడి రామ్మూర్తి నాయుడి గురించి రాసేటప్పుడు కూడా ‘ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్న వీరఘట్టం’ అని రాస్తే మూడు జిల్లాలవాళ్లకూ పేచీ ఉండదు. రాష్ట్ర, జాతీయ స్థాయి పతకమైతే జిల్లా పేజీతో సరిపెట్టకుండా, క్రీడల పేజీకి పంపమని విలేకరిని అడగండి. ఆ పేజీ చూసే డెస్క్ వేరు. అడగకపోతే వార్త జిల్లా దాటదు.

తప్పు వార్త వచ్చింది. ఖండన అడిగితే విలేకరి పట్టించుకోవడం లేదు.
*— షటిల్ అసోసియేషన్, విజయనగరం*

ఏది తప్పో ముందు తేల్చండి. పేరు, అంకె, జరగని సంఘటన అయితే దిద్దమని అడగొచ్చు. మీకు నచ్చని అభిప్రాయమైతే సవరణ అడగలేం, ప్రతిస్పందన రాసి పంపగలం. విలేకరికి ఫోన్ చేసినా ఫలితం లేకపోతే అదే రోజు ఆ ఎడిషన్ ఇన్‌చార్జికి, ఎడిటర్‌కు రాయండి: ఏ తేదీ, ఏ పేజీ, ఏ వాక్యం, సరైనది ఏమిటి, ఆధారం ఏమిటి. ఐదారు వాక్యాలు చాలు. కోపంతో రాసిన మూడు పేజీల లేఖలో అసలు తప్పు ఏదో కనపడదు. ప్రెస్ క్లబ్ ముందు ధర్నాలు, విలేకరిని గ్రూపులోంచి తీసేయడం వద్దు. జరిగింది ఒక వార్తలో తప్పు, ఆ విలేకరి రేపటి ఫలితాలు కూడా రాయాలి.

ఎడిటర్ కూడా పట్టించుకోకపోతే ప్రెస్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు. దినపత్రిక, వారపత్రికలపై అయితే ప్రచురించిన రెండు నెలల్లోపు, మిగతా పత్రికలపై నాలుగు నెలల్లోపు పంపాలి. ముందుగా ఎడిటర్‌కు రాసిన లేఖ ప్రతి, ఆయన జవాబిస్తే అదీ, వార్త క్లిప్పింగ్ జతచేయాలి. అందుకే మొదటి లేఖను ఫోన్ మాటలతో సరిపెట్టకుండా ఈ-మెయిల్‌లోనో, రిజిస్టర్డ్ పోస్టులోనో పంపమంటున్నాం. టీవీ ఛానళ్లు ప్రెస్ కౌన్సిల్ పరిధిలోకి రావు. వాటిపై మొదట ఆ ఛానల్‌కే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి, ప్రసారమైన తేదీ, సమయం, వీలైతే వీడియో ముక్క దగ్గర ఉంచుకోండి.